కోడలి వైపు చీకటి

వియ్యపురాలు వచ్చి కూర్చుని చాలాసేపయింది. నేనిచ్చిన కాఫీ ముట్టుకోలేదు. కప్పు పక్కనే ఫోను పెట్టుకుంది. అందులో ఆ ఫోటో తెరిచే ఉంది. తెర ఆరిపోబోయినప్పుడల్లా వేలితో తట్టి మళ్ళీ వెలిగిస్తోంది.

“వదినగారూ, నేను గొడవకి రాలేదు,” అంది.

ఆ మాటతో మొదలుపెట్టినవాళ్లు గొడవ పెట్టుకోకుండా వెళ్లడం నా వయసులో నేను చూడలేదు.

“మీరే చూసి చెప్పండి. అల్లుడుగారు కడిగిన ముత్యంలా ఉన్నారు. మా పిల్ల ఏదీ?”

ఫోను నా ముందుకు జరిపింది. నిన్నటి నుంచీ చూసి చూసి కంఠతా వచ్చిన ఫోటోనే అయినా మళ్ళీ చూశాను. మా మేడ మీద, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని, కొడుకూ కోడలూ పక్కపక్కన నిలబడ్డారు. వాడి మొహం మీద వెలుగు చక్కగా పడింది. వాడి భుజం దాటగానే పైనుంచి కిందిదాకా నిలువునా చీకటి. ఎవరో మసిగుడ్డ పెట్టి తుడిచినట్టుంది. ఆ చీకట్లో కోడలు నవ్వుతోంది. పళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

“ఒకటైతే పొరపాటనుకుందును. అన్నీ ఇంతే. అల్లుడుగారి మీద ఒక్కదాంట్లోనైనా పడిందా? లేదు. ఈ ఇంట్లో చీకటికి కూడా ఎవరి మీద పడాలో తెలుసన్నమాట.”

“అయ్యో, అవేం మాటలు వదినగారూ.”

“మా పిల్ల చామనఛాయ. కాదనను. చూసే చేసుకున్నారు. ఇప్పుడు ఆడపడుచు కెమెరా పట్టుకుని మరీ చెప్పాలా?”

వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడిన కోడలు ఆ మాటకి లోపలికి వెళ్లిపోయింది. నిన్న సాయంత్రం తల్లి ఫోను చేసినప్పటి నుంచీ ఆ పిల్ల నోట ‘ఊఁ’, ‘వద్దు’ తప్ప మరో మాట లేదు. అరిచి గోల చేసేవాళ్లంటే నాకంత భయం లేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేవాళ్లంటే భయం. లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది.

నా కొడుకు కిటికీ దగ్గర నిలబడి వీధిలో ఏదో ఊరేగింపు పోతున్నట్టు చూస్తున్నాడు. వీధిలో ఏమీ లేదు. అసలీ నిర్వాకమంతా వాడిదే. అక్క కెమెరాలోంచి ఫోటోలు తన ఫోనులోకి, తన ఫోనులోంచి అత్తగారి ఫోనులోకి. మధ్యలో ఒక్కటంటే ఒక్కటి తెరిచి చూడలేదు. అదేమిట్రా అంటే, “బాగా వచ్చాయని అక్క అంది కదమ్మా,” అన్నాడు.

వియ్యపురాలు ఫోను ఆర్పేసింది. “రెండ్రోజులు పిల్లని నాతో తీసుకెళ్తాను. దానికీ కాస్త గాలి మారినట్టుంటుంది.”

రెండ్రోజులు వారమవుతుంది, వారం నెలవుతుంది. ఆ తర్వాత వకీలు నోటీసు వస్తుంది. పెళ్లయి ఏడాదైనా నిండలేదు. నేను అప్పుడే కోర్టు మెట్ల దాకా వెళ్లిపోయాను. ఆవిడ వచ్చేటప్పుడు చేతిలో సంచీ అయినా తేలేదని అప్పుడు గమనించాను. ఉండటానికి వచ్చినవాళ్లు సంచీ తెచ్చుకుంటారు. తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లకి ఎందుకు?

అప్పుడు మా పెద్దది గది తలుపు తీసుకుని బయటికి వచ్చింది. మెడలో కెమెరా ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

దీని సంగతి ఏం చెప్పను. పాస్‌పోర్టు ఫోటోల కొట్టులో నీడ పట్టున ఉద్యోగం. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టడం, గడ్డం ఎత్తమనడం, నొక్కడం. అది మానేసింది. మనుషుల్ని ఆరుబయట నిలబెట్టి తీస్తానని, ఒక ఫ్లాషూ, దానికో స్టాండూ, తెల్ల గొడుగూ కొనుక్కుని సొంతంగా మొదలుపెట్టింది. ఆ రోజు నుంచీ నేను చెబుతూనే ఉన్నాను, ఇంకా సమయం మించిపోలేదు, కొట్టాయన మంచివాడు, వెళ్లి అడిగితే మళ్ళీ పెట్టుకుంటాడని. ఫ్లాషు ఒకసారి వెలక్కపోతే చెప్పాను. గొడుగు ఊచ వంగితే చెప్పాను. జలుబు చేస్తే కూడా చెప్పాను.

“అత్తయ్యగారూ, కాసేపు మేడ మీదికి వస్తారా?” అంది పెద్దది.

“ఎందుకు? నన్ను కూడా నల్లగా తీస్తావా?”

“అవునండీ. అందుకే.”

వియ్యపురాలు నా వైపు చూసింది. ఇంటికి వచ్చిన మనిషిని ఎండలోకి లాక్కెళ్తే కళ్లు తిరిగి పడిపోతుందేమో, ఆ పడటం కూడా మన ఖాతాలోనే వేస్తారేమో అని అప్పటికే అనుకుంటున్నాను.

ఆవిడ మాత్రం లేచింది. “పదండి వదినగారూ. ఏం చేస్తుందో చూద్దాం.”

మేడ మీద ఎండ చుర్రుమంటోంది. పెద్దది నీళ్ల ట్యాంకుకి ఇవతల స్టాండు నిలబెట్టి, పైన ఫ్లాషు బిగించి, దాని ముందు గొడుగు విప్పింది. గాలికి గొడుగు ఊగింది. ఇన్నాళ్లూ ఆ స్టాండు పట్టుకునే పని నాది. కాళ్ల మీద బరువుకి ఇసుక సంచీ కొంటానంది కానీ నేనే వద్దన్నాను. సంచీ చినిగితే? స్టాండు గొడుగుతో సహా ఎగిరి వీధిలో పోయేవాళ్ల నెత్తిన పడితే? అంతకంటే నేను పట్టుకోవడం నయం కదా. ఫోటోలు తీసిన ఆ రోజు కూడా నేనే పట్టుకున్నాను.

“ఇవాళ తమ్ముడు పట్టుకుంటాడు. నువ్వు వెళ్లి అత్తయ్యగారి పక్కన నిలబడమ్మా,” అంది.

“నన్నెందుకు ఇరికిస్తావు?” అన్నాడు వాడు.

“ఇరికించింది నువ్వే. పట్టుకో.”

సూర్యుడు వీపు వెనక ఉండేలా మమ్మల్ని నిలబెట్టింది. కొడుకున్న చోట నేను. కోడలున్న చోట వియ్యపురాలు. కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి మెట్ల గది గుమ్మంలో ఆగింది. ఎండలోకి రాలేదు.

“ముందు ఇది చెప్పు. ఇంత ఎండలో ఫ్లాషు దేనికి? పట్టపగలు టార్చిలైటు వేసుకుని తిరిగినట్టు,” అంది వియ్యపురాలు.

“సూర్యుడికి ఎదురుగా నిలబెడితే మీరు కళ్లు చికిలిస్తారండీ. వెనక పెడితే మొహం నల్లబడుతుంది. అందుకని మొహానికి ఈ వెలుగు.”

“సరే. తర్వాత?”

“వెనకున్న ట్యాంకూ, పైపులూ మసకైపోయి మీరొక్కరే కనిపించాలంటే లెన్సు బాగా తెరవాలి. అలా తెరిస్తే ఈ ఎండకి ఫోటో అంతా సున్నం కొట్టినట్టయిపోతుంది. అందుకని కెమెరా స్పీడు పెంచాలి. అక్కడ వచ్చింది చిక్కు.”

కెమెరా మెడకి వదిలేసి, రెండు అరచేతులూ నిలువుగా పట్టుకుంది. “లోపల రెండు తెరలుంటాయి. ఒకటి తెరుచుకుంటూ పోతుంది. దాని వెనకే రెండోది మూసుకుంటూ వస్తుంది. నిదానంగా తీస్తే మధ్యలో ఒక్క క్షణం మొత్తం తెరిచి ఉంటుంది. అప్పుడు ఫ్లాషు వెలిగితే అందరూ కనిపిస్తారు. స్పీడు పెంచితే మొదటిది అటు చివరికి చేరకముందే రెండోది బయలుదేరిపోతుంది. ఫ్లాషు వెలిగేసరికి సగమే తెరిచి ఉంటుంది. ఆ సగంలో ఉన్నవాళ్లే వెలుగులో వస్తారు.”

“మిగతా సగం?”

“తెర అడ్డం. వెలుగు వాళ్ల మీద కూడా పడుతుంది. కెమెరాలోకి రాదు.”

వియ్యపురాలు ఆలోచించింది. “అంటే మా పిల్ల మీద వెలుగు పడింది. నీ కెమెరా చూడలేదు.”

“అంతేనండీ.”

“చెప్పడానికి బాగానే ఉంది.”

పెద్దది కెమెరా నిలువుగా తిప్పి పట్టుకుంది. ఫ్లాషు ఫట్‌మంది. నేను కళ్లు మూశాను. ఆ వెలుగు రోజూ చూస్తే కంటి నరాలు పాడవుతాయని ఎక్కడో విన్నాను.

“అమ్మా, కళ్లు తెరువు.”

మళ్ళీ తీసింది. కెమెరా వెనక చూసుకుంది. తెచ్చి చూపించింది. నేను వెలుగులో ఉన్నాను, వియ్యపురాలు చీకట్లో ఉంది. అచ్చం ఆ ఫోటోలాగే.

“చూశారా. మళ్ళీ మేమే,” అంది ఆవిడ.

“ఇప్పుడు ఇద్దరూ చోట్లు మారండి.”

మారాం. ఫట్‌మంది. పెద్దది వెనక చూసుకుని తెచ్చి ఇచ్చింది. ఈసారి వియ్యపురాలు వెలిగిపోతోంది. చీకట్లో ఉన్నది నేను. కళ్ల కింద గుంటలు, దవడ కింద నీడ. పోయాక గోడకి తగిలించడానికి ముందే తీయించి ఉంచుకున్నట్టుంది నా మొహం.

“అచ్చం మా పిల్లలాగే వచ్చారు వదినగారూ,” అంది వియ్యపురాలు. ఆవిడ గొంతులో అంత తృప్తి పొద్దుటి నుంచీ వినలేదు. వెంటనే మళ్ళీ ఏదో తట్టింది. “కెమెరా తలకిందులుగా తిప్పి పట్టుకుంటే?”

“చీకటి అటు పక్కకి పోతుంది.”

“అలా పట్టుకుని ఉంటే అల్లుడుగారు నల్లగా వచ్చేవారన్నమాట. మరి అలా పట్టుకోలేదేం?”

“నాకు చెయ్యి ఇలాగే అలవాటండీ. ఎవరిని తీసినా ఇలాగే తీస్తాను.”

“అత్తయ్యగారూ, కావాలంటే అలా తిప్పి నన్ను నల్లగా తీయించండి. దాన్ని మీ ఇంట్లో పెట్టుకోండి,” అన్నాడు నా కొడుకు స్టాండు దగ్గర నుంచి.

“మీరు ఊరుకోండి బాబూ. గొడుగు కదులుతోంది,” అంది ఆవిడ. కానీ మూతి చివర నవ్వు ఆపుకుంటోందని నేను చూశాను.

పెద్దది కెమెరా మీదున్న చిన్న పెట్టెలో ఏదో నొక్కింది. ఫ్లాషుకి సైగ పంపేది అదేనట. “దీన్ని హై స్పీడ్ సింక్ అంటారు. ఇప్పుడు ఫ్లాషు ఒక్కసారి వెలిగి ఊరుకోదు. తెరల మధ్య సందు ఈ చివర నుంచి ఆ చివరికి పోయేదాకా గబగబా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. మన కంటికి ఒక్కసారే అనిపిస్తుంది. వెలుగు మాత్రం పలచబడుతుంది. తమ్ముడూ, స్టాండు దగ్గరికి జరుపు. ఇంకా. చాలు.”

“మొన్న ఇది నొక్కడం మర్చిపోయావా?” అంది వియ్యపురాలు.

“నొక్కలేదండీ.” పెద్దది తలెత్తలేదు. “ఇలా ఎక్కువసేపు తీస్తే ఫ్లాషు వేడెక్కుతుంది. త్వరగా కానిద్దాం.”

“వేడెక్కితే పేలుతుందా?” అన్నాను నేను.

“పేలదమ్మా. ఆగిపోతుంది. చల్లారాక మళ్ళీ వెలుగుతుంది.”

“ఆగిపోయేవి పేలవని ఎక్కడుంది?”

“అమ్మా, నవ్వు.”

నవ్వానో లేదో నాకు తెలియదు. తీసింది, చూసుకుంది, తెచ్చి చూపించింది. ఇద్దరమూ ఉన్నాం. వెనక ట్యాంకు పాలలో కలిసిపోయినట్టు మసకగా ఉంది. ఆకాశం ముదురు నీలంగా వచ్చింది. ఇద్దరి మొహాల మీదా ఒకే వెలుగు. వియ్యపురాలు రెండు వేళ్లతో తన మొహం పెద్దగా చేసి చూసుకుంది, ఆపైన నా మొహం కూడా చేసి పోల్చుకుంది.

“ఇది నాకు పంపించమ్మా. మా తోడికోడలికి చూపించాలి,” అంది.

మెట్లు దిగుతుంటే నా కొడుకు నా చెవిలో, “అయిపోయిందమ్మా, గండం గడిచింది,” అన్నాడు. వాడికి అన్నీ తొందరగానే అయిపోతాయి. నాకు మాత్రం, ముందు దిగుతున్న కోడలి వీపు చూస్తుంటే ఏమీ అయిపోయినట్టు అనిపించలేదు.

కింద వియ్యపురాలికి వేరే కాఫీ కలిపి ఇచ్చాను. ఈసారి తాగింది. పంచదార సరిపోయిందని కూడా చెప్పింది. పెద్దది ఫ్లాషు తీసి బ్యాటరీ ఊడదీస్తోంది. కోడలు దాని ఎదురుగా వచ్చి నిలబడింది.

“వదినా, ఒక మాట అడగనా?”

నిన్నటి నుంచీ అది మొదటి మాట. గదిలో అందరం వినేశాం.

“అడుగు.”

“ఇప్పుడు ఒక్కో ఫోటో తీయగానే కెమెరా వెనక చూసుకున్నారు.”

“చూసుకోవాలి కదా. ఎలా వచ్చిందో తెలియాలంటే.”

“ఆ రోజు కూడా చూసుకున్నారు.”

పెద్దది చేతిలో బ్యాటరీ అలాగే ఉండిపోయింది.

“నేను అడిగాను, వదినా నేను బాగా వచ్చానా అని. ఒకసారి కాదు. చూపించమన్నాను కూడా. ఎండలో సరిగ్గా కనపడదులే, తర్వాత చూద్దువుగాని అన్నారు. ఇంకేమన్నారు?”

“చాలా బాగా వచ్చావన్నాను.”

“నా వైపంతా చీకటి ఉందని తెలిసే అన్నారా?”

పెద్దది అబద్ధమాడితే బాగుండునని నేను అనుకున్నాను. ఎండలో కనపడలేదంటే సరిపోయేది. ఎవరూ కాదనేవాళ్లు కారు.

“తెలిసే అన్నాను,” అంది.

“పోనీలేవే,” అంది వియ్యపురాలు కప్పు కింద పెడుతూ. “మిషను తప్పని తేలిందిగా. మా వదినగారు కూడా నల్లగానే వచ్చారు. ఇంకా దేనికి తవ్వుతావు?”

“మిషను సంగతి నాకు అర్థమైందమ్మా. నేను అడిగేది మిషనుని కాదు.”

“అల్లుడుగారూ, మీరైనా చెప్పండి. నేనింక బయలుదేరతాను. ఎండ ముదిరితే బస్సులో కూర్చోలేను.”

“ఉండు. నేనూ వస్తున్నాను,” అంది కోడలు.

వియ్యపురాలు కూతురి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. “ఇప్పుడా? రమ్మన్నప్పుడు పలకలేదు. అంతా సర్దుకున్నాక వస్తానంటావేంటి?”

“తేలిపోయింది కదా, ఇంకేంటి నీకు?” అన్నాడు నా కొడుకు.

“మీకు తేలిపోయింది.” కోడలు వాడి వైపు తిరగలేదు. “నల్లగా రావడం నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ ప్రతి ఫోటోలోనూ పక్కవాళ్ల కంటే నల్లగానే ఉంటాను. ఎదురుగా నిలబడి ‘బాగున్నాను కదా’ అని నోరు విడిచి అడిగింది మాత్రం వదిననే. ఈ ఇంట్లో ఎవరైనా బాగున్నావంటే నేనింక ఎలా నమ్మాలి?”

గదిలోకి వెళ్లింది. బీరువా తలుపు కిర్రుమంది. నా కొడుకు వెనకాలే వెళ్లి, గుమ్మం దాటకుండా నిలబడ్డాడు. “ఏమే, ఏదో ఒకటి చెప్పవే,” అన్నాను పెద్దదానితో. “మాట్లాడవే. వెళ్లిపోతోంది.” అది బ్యాటరీని డబ్బాలో పెట్టి మూత వేసింది. మూత సరిగ్గా పడలేదు. మళ్ళీ తీసి వేసింది.

కోడలు చిన్న సంచీతో బయటికి వచ్చింది. వాకిలి దగ్గర ఒక చెప్పులో కాలు పెట్టింది.

“ఆగు. చెప్తాను,” అంది పెద్దది. “మొదటి ఫోటోలోనే చూశాను. అప్పుడు నాకు అదేమిటో తెలియదు. ఇదంతా నేను తెలుసుకున్నది నిన్న, మీ అమ్మగారు ఫోను చేశాక కూర్చుని చదివితే. ఆ రోజు మాత్రం కెమెరా లోపల తెర పాడైపోయిందనుకున్నాను. తీస్తూ పోతే అదే సర్దుకుంటుందేమో అని తీస్తూ పోయాను.”

“ఆ మాటే చెప్పొచ్చుగా. కెమెరాకి ఏదో అయింది, ఇంకో రోజు తీసుకుందాం అంటే నేనేమనేదాన్ని వదినా?”

“నువ్వేమీ అనేదానివి కాదు. తమ్ముడూ ఏమీ అనేవాడు కాదు.”

పెద్దది అక్కడ ఆగింది. కోడలి వైపు చూడలేదు. నా వైపు చూసింది.

“స్టాండు పట్టుకుని అమ్మ అక్కడే నిలబడి ఉంది. కెమెరా పాడైందన్న మాట నా నోట వస్తే, ఆ సాయంత్రానికల్లా నేను ఆ కొట్టులో స్టూలు పక్కన ఉండేదాన్ని.”

నా కూతురు నాకు భయపడి అబద్ధమాడిందని నలుగురి ముందూ అంటోంది. జన్మలో ఎవరినీ భయపెట్టలేదు నేను. భయపడటమే నాకు తెలుసు.

కోడలు రెండో చెప్పు వేసుకోలేదు. నిన్నటి నుంచీ మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసింది.

“అత్తయ్యా, ఆ రోజు వదిన నిజం చెప్పి ఉంటే మీరేమనేవారు?”

వాకిట్లోకి వెళ్లిన వియ్యపురాలు తిరిగి వచ్చి, ఇందాకటి కుర్చీలోనే కూర్చుంది.